రాజేశ్వరక్క వేలు

ఈ ఉదయం మా పాప బొమ్మకు ఊడిన చెయ్యి అతికిద్దామని చిన్న జిగురు ట్యూబు మూత తీశాను. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే నవ్వు ఆగలేదు. రాజేశ్వరక్క గుర్తొచ్చింది.

ప్రత్యేక రాష్ట్రం రాకముందు మాట. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరాను. పిల్లల ముందు నిలబడితే చాలు, భయంతో పాఠం మరిచిపోయేదాన్ని. కొన్నాళ్లు చూసి హెడ్మాస్టరు, శనివారం తన ఎదుట పాఠం చెప్పమన్నారు. బాగుంటే ఉద్యోగం, లేదంటే ఇంటికి. బొగ్గుబావిలో పనిచేసే నాన్న అప్పుడే రిటైరయ్యారు. ఆ ఉద్యోగం మాకు చాలా అవసరం.

రాజేశ్వరక్క అదే బడిలో తెలుగు టీచరు. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. సరిగ్గా పాఠానికి ముందు నా కళ్లద్దాల కాడ విరిగితే, తన సంచిలోంచి జిగురు ట్యూబు తీసింది. మా ఊళ్లో ఏది ముట్టుకోవాలన్నా ముందు చేతులు కడుక్కుంటాం, బొగ్గుమసి అలాంటిది. ఇద్దరం కడుక్కుని, తడి చేతులతోనే పనికి దిగాం. కళ్లద్దాలు అతికాయి. వాటితోపాటు నా చూపుడువేలు, అక్క చూపుడువేలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అంతలోనే గంట కొట్టారు.

“అక్కా, ఊడుతలేదు! నా నౌకరి పాయె!” అన్నాను ఏడుపు గొంతుతో.

“ఫికర్ జెయ్యకు పిల్లా. గిట్లనే పోదాం పా. గీ జిగురు ముచ్చటనే చెప్పు,” అంది అక్క.

మమ్మల్ని చూసి పిల్లలు గొల్లున నవ్వారు. “ఏంది టీచర్ గిది?” అన్నారు హెడ్మాస్టరు. “పాఠమే సార్,” అంది అక్క తడుముకోకుండా. ఇక తప్పదని మొదలుపెట్టాను. ఈ జిగురును ఎవరూ కావాలని కనిపెట్టలేదు. తుపాకీ గురి చూసే అద్దం కోసం మంచి ప్లాస్టిక్ తయారుచేయబోతే, ముట్టుకున్నదానికల్లా అంటుకునే పదార్థం వచ్చిందట. విసిగిపోయి పక్కన పడేశారు. కొన్నేళ్లకు మళ్లీ పరీక్షిస్తుంటే ఖరీదైన పరికరంలోని గాజుముక్కలు రెండు అతుక్కుపోయాయి. అంటుకోవడమే దాని గొప్పతనమని అప్పుడు గానీ తెలియలేదు. మేం చేతులు కడుక్కున్న సంగతీ చెప్పి, “మరి మా వేళ్లు అంత జల్ది ఎందుకు అతుక్కున్నయ్?” అని అడిగాను. “నీళ్లకు గట్టిపడ్డదేమో టీచర్, సిమెంటు లెక్క!” అని ఒక పిల్ల అరిచింది. అదే జవాబు. ఇక ప్రశ్నల మీద ప్రశ్నలు. నాకు భయపడే తీరికే లేకపోయింది.

గంట కొట్టాక, “సోమవారం నుంచి ఏడో తరగతి గూడ మీదే,” అన్నారు హెడ్మాస్టరు. సంతోషంతో నాకు కళ్లనీళ్లు వచ్చాయి. వేళ్లు ఊడదీసుకోవడానికి గోరువెచ్చని నీళ్ల కోసం పరుగెత్తబోతే అక్క నవ్వుతూ తన చెయ్యి పైకెత్తింది. వేలు విడిగా ఉంది.

“ఎప్పుడు ఊడింది అక్కా?”

“నువ్వు మొదలువెట్టిన కొంచెంసేపటికే, చెమటకు నాని, నువ్వు చెయ్యి ఊపంగ ఊడింది. ఇడిస్తే మల్ల భయపడ్తవని పట్టుకున్న.”

ఇప్పుడు మా బడిలో కొత్తగా చేరిన టీచరు మొదటి పాఠం చెబుతుంటే నేను వెళ్లి పక్కన నిలబడతాను. ఆమె గొంతు కుదుటపడేదాకా అక్కడే ఉంటాను. ఎప్పుడు తప్పుకున్నానో మాత్రం తెలియనివ్వను.