గ్యాస్ దీపం కింద కరివేపాకు

కేంబ్రిడ్జ్‌లో విక్టోరియా రాణి కాలం నాటి ఇల్లు కొన్నాక, పార్థసారథి మనసు వందేళ్ళు వెనక్కి నడిచి అక్కడే కాపురం పెట్టింది. పగలంతా సైన్స్ పార్కులో రేపటి కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, ముందుగదిలో వేలాడే ఇత్తడి దీపం కింద కూర్చునేవాడు. మూడు కొమ్మల దీపం అది. కొమ్మకొక గాజుపువ్వు, పువ్వు చుట్టూ ఇత్తడి ఆకులు.

పాత ఇంటివాళ్ళు దానికి కరెంటు పెట్టారు. అది మహాపాపమని పార్థసారథి తీగలు పీకించాడు. లైసెన్సున్న ఫిట్టర్ని వెతికి వెతికి పట్టుకుని, మళ్ళీ గ్యాస్ పెట్టించాడు. 2003 చలికాలంలో దాన్ని తొలిసారి వెలిగించిన సాయంత్రం గది గదంతా తేనెలో మునిగినట్టయింది. భార్య కనకదుర్గ అలవాటుగా దీపానికి దండం పెట్టింది. కూతురు మానస పుస్తకం తీసుకుని మేడమీదికి వెళ్ళిపోతూ, "డాడ్, ఐ కాంట్ సీ ఎ థింగ్!" అంది.

"చూడ్డానిక్కాదమ్మా దీపం, అనుభవించడానికి," అన్నాడు తండ్రి.

బెజవాడ నుంచి వచ్చిన కనకదుర్గకు ఈ దేశంలో తనదంటూ ఒకటే ఉంది. కుండీలో కరివేపాకు మొక్క. లండన్‌లో వేలెడంత మొక్కగా కొని, చంటిబిడ్డకు పక్క మార్చినట్టు ఎండపొడ వెంట చోటు మారుస్తూ నడుమెత్తు పెంచింది. స్టీవెనేజ్ నుంచి స్నేహితులు విమల, రామ్మోహన్ దంపతులు శనివారాలు చూడవచ్చేవారు. ఎవరిని చూడ్డానికన్నది వెళ్ళేటప్పుడు విమల చేతిసంచీలో గుబాళించేది.

ఆ జనవరిలో కిటికీ అద్దాలమీద మంచు పూసింది. ఇంట్లో అన్నిటికన్నా వెచ్చని చోటు దీపం కిందే. కనకదుర్గ కుండీని అక్కడికి జరిపింది.

"చూశావా, నా దీపం నీ మొక్కక్కూడా పనికొచ్చింది!" పార్థసారథి పొంగిపోయాడు. గోడమీద ఆకుల నీడలు ఏటి అడుగున నాచులా ఊగుతుంటే, ఆమెకూ అది నిజమే అనిపించింది.

ముందు ఆకుల అంచులు ముడుచుకున్నాయి. చలికేమోనని కుండీని దీపానికి ఇంకాస్త దగ్గరగా, స్టూలు మీదికి ఎక్కించింది. ఆకులు పసుపెక్కాయి. ఓ పొద్దున తివాచీ మీద ఆకులున్నాయి, కుండీలో పుల్లలున్నాయి.

పార్థసారథి పుస్తకాలు తిరగేసి, కళ్ళు మెరుస్తుండగా వచ్చాడు. "దుర్గా, ఇది అచ్చమైన విక్టోరియన్ సమస్యే! ఆ రోజుల్లోనూ గ్యాస్ దీపాల గదుల్లో ఆ పొగకు మొక్కలు బతికేవి కావుట. ఆస్పిడిస్ట్రా అని ఒకే ఒక్కటి తట్టుకునేదిట. తెప్పిద్దామా?"

"దాంతో తాలింపేస్తారేంటండీ?"

ఆ మధ్యాహ్నం పప్పులో వాసన లేదు. ఆమె మాటల్లోనూ లేదు.

శనివారం విమలావాళ్ళొచ్చారు. పార్థసారథి దీపం వెలిగించి చరిత్ర మొదలెట్టాడు. విమల చూపు మాత్రం మూలనున్న పుల్లల మీద పడింది.

"అయ్యో వదినా! ఎలా జరిగింది?"

"మీ అన్నయ్యగారి దీపం కింద. నా చేతుల్తో నేనే పెట్టాను."

పరామర్శకొచ్చినట్టు అందరూ కుండీ చుట్టూ చేరారు. ఆసుపత్రిలో మత్తు డాక్టరైన రామ్మోహన్ ఒంగి, కాండాన్ని గోటితో గీరాడు. "కింద ఇంకా పచ్చిగానే ఉందమ్మా. కిటికీ దగ్గర పెట్టండి. ఈ గదిలో దీపం మానేస్తే చిగురెయ్యొచ్చు. ఏమంటావ్ పార్థూ?"

వాళ్ళు వెళ్ళాక పార్థసారథి కుండీని మోసుకెళ్ళి ముందుగది కిటికీ దగ్గర పెట్టాడు. తరవాత స్టూలెక్కి, మూడు గాజుపువ్వులనూ ఒక్కొక్కటిగా ఆర్పేశాడు. తేనె తరిగి, వీధిదీపం నారింజ వెలుగు నేలమీద పరుచుకుంది.

"దీపానికి నాకు తలనొప్పొస్తోంది దుర్గా. మొక్క కోసమేం కాదు," అన్నాడు చీకట్లోంచి.

"అవునా? పాపం," అంది కనకదుర్గ. ఆ లేని నొప్పికి జండూబామ్ తెచ్చి, అతని నుదుటిమీద చాలాసేపు రాసింది.