చెమ్మక్క కొట్టేసిన రిపోర్టు

సర్కారు క్వార్టర్లలో గోడకు చెమ్మ పట్టిందంటే ఆఫీసువాళ్లు పంపేది ఆమెనే. అందుకే చెమ్మక్క అని పేరు పడిపోయింది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. పదిహేనేళ్లుగా ఆమె పద్ధతి ఒక్కటే. వంటింట్లో వాడే ఫాయిల్ జానెడు ముక్క కత్తిరించి, నాలుగు అంచులా టేపు వేసి గోడకు అంటిస్తుంది. రెండు రోజులాగి చూస్తుంది. ఫాయిల్ పైన చెమట పడితే గదిలోని ఆవిరి, వెనక తడిస్తే గోడలోనే నీళ్లు. "మనుషులు బొంకుతారేమో గానీ ఫాయిల్ బొంకదండీ" అంటుంది. ఆ ధీమా ఆమెకు అందం.

మూడో అంతస్తులో ఒక ముసలావిడ, కొడుకు, కోడలు, రెండేళ్ల మనవరాలు ఉంటారు. పడకగది గోడంతా నల్లటి బూజు, పిల్లకు తగ్గని దగ్గు. ఏడాది కిందట ఫిర్యాదు వస్తే చెమ్మక్కే వెళ్లింది. గదిలో తాడు మీద తడి బట్టలు కనిపించాయి. ఇంకేముంది, ఫాయిల్ బయటికి తీయనే లేదు. "బట్టలు లోపల ఆరేస్తున్నారు, కిటికీలు తెరవడం లేదు" అని రాసి, ఒక కాపీ ఇంట్లో ఇచ్చి వచ్చేసింది. పని తెలిసినవాళ్ల తొందరపాటు అలాగే ఉంటుంది.

కోడలు పట్టు వదలకుండా మళ్లీ రాసింది. ఈసారి చెమ్మక్క ఫాయిల్ అంటించింది. రెండో రోజు తీస్తే పైన పొడి, వెనక ధార. పై ఇంటి పైపు గోడ లోపలే కారుతోంది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"కొత్త లీకని రాసెయ్యమ్మా, నీ పాత రిపోర్టు జోలికెవరూ రారు" అన్నాడు ఆఫీసులో పెద్దసారు.

కొత్త లీకంటే కొత్త నంబరు, వరుసలో ఆఖరు. ఇంకో ఎనిమిది నెలలు పిల్ల ఆ గోడ పక్కనే పడుకోవాలి. పాత ఫిర్యాదే నిజమని తేలితే, నంబరు ఏడాది కిందటిది కాబట్టి వచ్చే వారమే పని మొదలవుతుంది.

"పాతదే సార్. సరిగ్గా చూడంది నేను." తన రిపోర్టు మీద అడ్డగీత కొట్టి, పక్కన సంతకం పెట్టింది.

"నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావు."

"నా గొయ్యికేం గానీ, ముందు ఆ గోడ తవ్వించండి సార్."

నేరుగా ఆ ఇంటికే వెళ్లి చెప్పింది: "తప్పు నాదే పిన్నిగారూ. వచ్చే వారం పైపు మారుస్తారు."

ముసలావిడ సంతోషించలేదు, మంచం మీద కూలబడింది. "నీ కాగితం నమ్మి ఏడాదిగా నా కోడల్ని ఆడిపోసుకున్నానే తల్లీ. పిల్లకి దగ్గు తెచ్చింది నువ్వేనని రోజూ అన్నాను."

ఈ సంగతి చెమ్మక్క ఊహించలేదు. సిగ్గుపడింది. పిల్లను ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డ కోడలి వైపు తిరిగి, "నీ తప్పేం లేదమ్మా" అంది.

"ఆ మాట కూడా కాగితం మీద రాసివ్వండి" అంది కోడలు. "మా అత్తయ్య కాగితాన్నే నమ్ముతుంది."

చెమ్మక్క అక్కడే కూర్చుని రాసింది. ముసలావిడ కళ్లు తుడుచుకుంటూ దగ్గరికి జరిగింది.

"కింద కాస్త చోటుంచమ్మా. నేనూ సంతకం పెడతాను."