ఆఫీసరు తిన్న ఇడ్లీ

మా ఇల్లు మరాఠీ గడ్డ మీది దుర్గాపూర్‌లో, గని నుంచి బొగ్గు లారీలు బయటికి వెళ్లే రోడ్డు పక్కన ఉండేది. దేశంలోకి కొత్త కాలం వచ్చిందని పేపర్లు రాస్తున్న రోజులవి. మా వీధిలోకి మాత్రం ఆ కొత్త కాలం ఒక ఎస్టీడీ బూత్‌గా, కేబుల్ టీవీగా, ఎక్కడెక్కడివో ప్రైవేటు లారీలుగా వచ్చింది. లారీల మీద ఏ కప్పూ ఉండేది కాదు. చక్రం ఒక గతుకులో పడిందంటే చాలు, ఆరేసిన బట్టలు, కాచిన పాలు, చర్చికి బయల్దేరిన మా ముఖాలు అన్నీ ఒకే రంగులోకి మారిపోయేవి.

దీని మీద కొట్లాడటానికి ముగ్గురం తయారయ్యాం. ఒకరు మా పెద్దమ్మ. చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే, ఆ గొంతు పక్క వీధి దాకా వినపడేది. రెండోది ఎదురింటి బాయి, మరాఠీ బడిలో టీచరుగా చేసి రిటైరయింది. మూడోదాన్ని నేను, కాలేజీలో చదువుతున్నాను. మా కోరిక ఒక్కటే. తాడ్‌పత్రి, అంటే టార్పాలిన్ పట్టా, కప్పని లారీని బస్తీలోంచి పోనివ్వకూడదని సర్కారు రూలు పెట్టాలి. అర్జీలు ఇచ్చాం. ఆఫీసులో ఎప్పుడు వెళ్లినా "పాహూ" అనేవారు, అంటే చూద్దాం అని. ఎవరూ ఏమీ చూడలేదు.

"మురికి బట్టలు తీస్కపోయి చూపిద్దామా?" అన్నాను.

"బట్టలు చూపిస్తే ఉతకడం రాదంటరు" అంది పెద్దమ్మ. "తినేది చూపియ్యాలె. గప్పుడు గుండెకు తగుల్తది."

ఆ ఉదయం ఇడ్లీలు వండింది. సగం మూతపెట్టి ఇంట్లో దాచింది. సగం పళ్లెంలో పెట్టి ప్రహరీగోడ మీద ఉంచింది. కాకులు రాకుండా నన్ను కర్రతో కాపలా పెట్టింది. ఆ వేళ లారీలు మాకు బాగా సాయం చేశాయి. మధ్యాహ్నానికల్లా ఇడ్లీల నెత్తిన నల్లటి పొర కూర్చుంది. నల్లవి టిఫిన్ క్యారియర్ పై గిన్నెలో, తెల్లవి కింది గిన్నెలో సర్దుకుని ఆటో ఎక్కాం.

ఆఫీసరు మమ్మల్ని పిలిచేసరికి ఆయన భోజనం వేళ దాటిపోయింది. బాయి లేచి నిలబడి, ఇంట్లో బట్టీపట్టిన మరాఠీ ఉపన్యాసం మొదలుపెట్టింది. అది గాలి, నీరు, రాజ్యాంగం దాకా వెళ్లాలి. గాలి దగ్గర ఉండగానే పెద్దమ్మకు ఓపిక అయిపోయింది. పై గిన్నె తీసి ఆయన ముందు పెట్టి, "చూడుండ్రి సాబ్" అంది.

ఆయనకు తెలుగు రాదు. చేతులు జోడించాడు, ఇడ్లీ అందుకున్నాడు, సగం కొరికాడు.

బాయి ఉపన్యాసం గాలి దగ్గరే ఆగింది.

"కారళ్యాచీ చట్నీ?" అని ఆయన సంతోషంగా అడిగాడు. వలిసెలు వేయించి దంచిన నల్లపొడి అది, ఆ వైపు ఇళ్లలో మామూలే.

పెద్దమ్మకు అందులో అర్థమైంది చట్నీ ఒక్కటే. "చట్నీ తేలేదు సాబ్, ఇది గాలికెల్లి పడ్డదే" అంది.

మిగతా సగం కూడా నోట్లోకి పోయింది. కరకరమని చప్పుడు నాకు వినపడింది. ఆయన నమలడం ఆపి, పళ్లకింద ఇసుకలా తగులుతోందేమిటని మరాఠీలో నన్ను అడిగాడు.

"అది లారీల బొగ్గు, సాబ్" అన్నాను.

ఆయన మూలనున్న వాష్‌బేసిన్ దగ్గరికి దాదాపు పరుగెత్తాడు. పుక్కిలించిన నీళ్లు నల్లగా పడ్డాయి. అద్దంలో పళ్లు చూసుకున్నాడు. వెనక బాయి, సందు దొరికింది కదా అని, నీరు గురించిన భాగం అందుకుంది.

తిరిగొచ్చి కూర్చున్నాక ఆయన కోప్పడతాడనుకున్నాను. రోజూ ఇట్లాగే పడుతుందా అని మాత్రం అడిగాడు. నేను తెలుగులో చెప్పగా పెద్దమ్మ జవాబిచ్చింది: "రోజూ గిట్లనే. మీరు ఒక్కటే తిన్నరు సాబ్, మేం పొద్దుమాపూ తింటున్నం."

దాన్ని నేను మరాఠీలోకి మార్చి చెప్పాను. ఆయన నాలుకతో పళ్లు తడుముకున్నాడు. పెద్దమ్మ జాలిపడి కింది గిన్నెలోని తెల్ల ఇడ్లీ ముందుకు జరిపింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పెద్దమ్మ తనొకటి తిని చూపించాకే కొరికాడు.

ఆ వారంలోనే ఆఫీసరు ముక్కుకు రుమాలు కట్టుకుని మా రోడ్డు మీద నిలబడ్డాడు. కొన్నాళ్లకు రూలు వచ్చింది. లారీల మీద తాడ్‌పత్రి ఉండాలి, రోడ్డు మీద నీళ్లు చల్లాలి. నీళ్లు ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు చల్లేవారు. తాడ్‌పత్రులు మాత్రం చాలావరకు కనపడ్డాయి.

కప్పుకోని లారీ వస్తే పెద్దమ్మ చీపురు పట్టుకుని రోడ్డుకు అడ్డం నిలబడేది. ఒకసారి అట్లా ఆపిన డ్రైవరు లోపల్నుంచి తెలుగులో గొణుక్కున్నాడు.

"ఏంది, మనోడివా? ఏ ఊరు బిడ్డా?"

"మంచిర్యాల, అమ్మా."

"తిన్నవా?"

అంతే. తాడ్‌పత్రి కట్టించి, అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. అతని తల్లి కీళ్లనొప్పుల దగ్గర్నుంచి మంచిర్యాలలో వానల దాకా మాటలు సాగాయి. రోడ్డుకు అడ్డంగా నిలిచిన అతని లారీ వెనక మిగతా లారీలన్నీ బారుతీరి హారన్లు మోగిస్తున్నాయి. బాయి చెవులు మూసుకుని వాకిట్లోకి వచ్చింది. పెద్దమ్మ ఆ వరుసకేసి చూసి, "వాళ్లకు గూడ చాయ్ పెట్టాల్నా ఏంది?" అని నన్ను అడిగింది.