తెల్లబట్ట మీద యుద్ధాలు

సైన్యం కన్నా ముందు శత్రువును సంపాదించుకోవాలి. బొమ్మ సైనికుల ఆటలోకి కొత్తగా దిగేవాళ్ళకు నేను చెప్పగలిగిన మొదటి మాట ఇదే. బొమ్మలు దొరుకుతాయి, రంగులు దొరుకుతాయి, పాచికలైతే ఏ దుకాణంలోనైనా లూడో డబ్బాలో ఉంటాయి. పని మానుకుని వచ్చి, మనకు ఎదురుగా కూర్చుని, మనల్ని శ్రద్ధగా ఓడించాలని చూసే మనిషే దొరకడు. నాకు జీవితంలో ఒక్కడు దొరికాడు. నేను కోరుట్లలో, అతను సిరిసిల్లలో. మధ్యలో జగిత్యాల, వేములవాడ. బస్సు దొరికితే సగం పూట, బంద్ పిలుపు ఉంటే వారం.

ఆట తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. బల్ల మీద బట్ట పరిచి దాన్ని నేల అనుకోవాలి. బట్ట కింద పుస్తకాలు దూరిస్తే గుట్టలు. చిటికెన వేలంత సైనికులను ఇటు కొందరిని, అటు కొందరిని నిలబెట్టాలి. ఎవరు ఎంత దూరం నడవాలో స్కేలు చెబుతుంది, ఎవరు చావాలో పాచిక చెబుతుంది. తెలివైనవాడే గెలుస్తాడన్న గ్యారంటీ లేదు. అందుకే మా ఇద్దరికీ నచ్చింది.

జగిత్యాల కాలేజీలో ఇద్దరం బి.ఏ. చదివే రోజుల్లో, కరీంనగర్ ఫుట్‌పాత్ మీద ఈ ఆట గురించిన ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట చిరిగిపోయింది కనుక రాసినవాడెవరో తెలియలేదు. తిట్టుకోవాల్సి వచ్చినప్పుడు పేరు లేక ఇబ్బందయ్యేది. ఇంగ్లీషు మావాడికి ఎక్కువ వచ్చు, మొండి ధైర్యం నాకు ఎక్కువ. కాబట్టి నియమాలను తెలుగులోకి నేను మార్చాను. సగం మంది పోయాక మిగిలినవాళ్ళు నిలబడతారా, బల్ల అంచు దాటి పారిపోతారా అని పాచిక వేసి తేల్చాలని ఒక నియమం. దానికి నేను ‘మనోధైర్య పరీక్ష’ అని పేరు పెట్టాను. అతను చదివి, ఇది టెన్తు పిల్లలకు పెట్టేటట్టున్నది అని కొట్టేసి, పైన ‘దిల్’ అని రాశాడు. దిల్ ఉంటే ఉంటాడు, లేకుంటే పోతాడు. అంతకన్నా మంచి అనువాదం నేనింతవరకూ చూడలేదు.

కాలేజీ అయ్యాక నేను కోరుట్లలో బడిపంతులునయ్యాను. అతను సిరిసిల్లలో తండ్రి మరమగ్గాల దగ్గర చేరాడు. సైనికులను వేములవాడ గుడి ముందరి దుకాణాల్లో కొనేవాళ్ళం. దర్శనమయ్యాక ఏడ్చే పిల్లలకు కొనిచ్చే ప్లాస్టిక్ బొమ్మలు. అన్నీ ఒకే అచ్చులో పోసినవి. ప్రతివాడూ మోకాలి మీద కూర్చుని తుపాకీ గురిపెట్టేవాడు. జనరల్ కూడా మోకాలి మీదే. కొత్తవాళ్ళు తెలుసుకోవాల్సిన రెండో సంగతి ఇక్కడుంది: ఈ ఆటలో ఆట తక్కువ. నెలల తరబడి మెడ వంచి ఒక్కొక్కడికీ గుండీలు, మీసాలు దిద్దుతాం. తరువాత ఒక్క పూటలో అందరినీ చంపించుకుంటాం. నావాళ్ళకు పసుపు, అతనివాళ్ళకు నీలం వేశాం. ఎరుపు వద్దని ఎవరూ చెప్పలేదు, మేమే అనుకున్నాం.

రంగు విషయంలో అంత తెలివి ఉండి కూడా బట్ట విషయంలో తప్పాం. నేల పచ్చగా ఉండాలని పుస్తకం చెప్పింది. బట్టల ఊళ్ళో బట్టకేం కరువని, అతని తండ్రికి తెలిసిన దుకాణానికే వెళ్ళాం. ముదురు పచ్చది, కొంచెం మట్టి రంగు కలిసినది, ఒక తాను ముక్క చూపించమన్నాం. సేటు తీశాడు. ఏం కుట్టిస్తారని అడిగాడు. కుట్టించం, పరుస్తామన్నాడు మావాడు. పరిచి ఏం చేస్తారన్నాడు సేటు.

“యుద్ధం చేస్తం” అన్నాను నేను.

అడవిలో తిరిగే దళాల బట్టలు ఆ రంగువే. ఆ రంగు కుట్టినందుకు దర్జీలను, అమ్మినందుకు దుకాణదార్లను ఠాణాకు పిలిచి కూర్చోబెట్టే రోజులవి. సేటు తానును మళ్ళీ చుట్టేశాడు.

“తమ్మీ, మీ నాయిన మంచోడు. నువ్వు సుత మంచోనివే. తెల్లబట్ట తీస్కపో” అన్నాడు మావాడితో. నావైపు చూడలేదు.

ఆ విధంగా మా యుద్ధాలన్నీ మంచులో జరిగాయి. బయట రోహిణి కార్తె ఎండకు తారు కరుగుతుంటే, లోపల మా సైన్యాలు మోకాలి లోతు మంచులో కదిలేవి. కొందరు చలికి పోయారని కూడా నేను లెక్క చెప్పేవాణ్ణి. పైగా ఆడేది వాళ్ళింట్లో, మగ్గాలు నడుస్తుంటే ఇల్లంతా అదిరి, సైనికులు ఎవరూ చెప్పకుండానే జరిగేవాళ్ళు. కాబట్టి కరెంటు పోతేనే యుద్ధం. సిరిసిల్లలో కరెంటు కోత కోసం ఎదురుచూసిన మనుషులం బహుశా మేమిద్దరమే. వాళ్ళమ్మ చాయ్ ఇచ్చి, “ఎవలు గెలుస్తున్నరు కొడుకా?” అని నన్నే అడిగేది. నేనే అని చెబితే, పోనీలే, దూరం నుంచి వచ్చినవు అనేది.

అతని చిన్నమ్మ కొడుకు ఒకడు అంతకు ముందెప్పుడో లోపలికి పోయాడు. అడవిలో ఉన్నవాళ్ళలో కలవడాన్ని మా దగ్గర అట్లా అనేవారు. ఇంట్లో ఆ పిల్లవాడి మాట ఎవరూ ఎత్తేవారు కాదు. ఒక ఎండాకాలం పేపర్లో వచ్చాడు. నేల మీద వరుసగా పడుకోబెట్టిన వాళ్ళ ఫోటో వేశారు, అందులో ఉన్నాడు. దవాఖానకు పోయి గుర్తుపట్టి తీసుకొచ్చింది మావాడూ, వాళ్ళ చిన్నాయనా.

దినాలయ్యాక నేను వెళ్ళాను. ఊరికే కూర్చుని వద్దామనుకున్నాను. అతనే బట్ట పరిచాడు. నేను పాచిక వేశాను, అతని మనిషి ఒకడు పోయాడు. చచ్చినవాణ్ణి ఉన్నచోటే పక్కకు పడుకోబెట్టడం మా అలవాటు. పడుకోబెట్టాను. అతను వాణ్ణి తీసి కిటికీ గూట్లో పెట్టాడు. ఇంకొకడు పోయాడు. నా చెయ్యి వాడి మీదికి వెళ్తుండగా అన్నాడు:

“పండవెట్టకురా.”

“మరి సచ్చినోణ్ణి ఎట్ల చూపెట్టాలె?”

“సావలేదు. ఇంటికి పోయిండు.”

“ఏ బస్సుకు?” అన్నాను. నోరు ఊరుకోదు కదా.

“ఫస్టు బస్సుకే” అన్నాడు అతను, నవ్వకుండా.

అప్పటినుంచి అదే నియమమయింది. ఆటలో చావు లేదు, ఇంటికి పోవడమే ఉంది. మొదట్లో నాకేం తేడా కనిపించలేదు. తరువాత అతను పాచిక వేయకుండానే పంపడం మొదలుపెట్టాడు. వీనికి పెండ్లి కుదిరింది అని ఒకణ్ణి, వీని తల్లికి పానం మంచిగ లేదు అని ఇంకొకణ్ణి. ఒకే అచ్చులో పోసిన మనుషులు, ఒక్కొక్కడికి ఒక్కొక్క కారణం. పుస్తకంలో అట్లా లేదని నేను వాదించాను. పుస్తకం రాసినోడు మన దిక్కు అచ్చిండా అని అడిగాడు. రాలేదనే ఒప్పుకోవాల్సి వచ్చింది.

నాకు శత్రువు చేజారిపోతున్నాడని అర్థమవుతూనే ఉంది. అతనికి గుట్టలన్నీ ఇచ్చి చూశాను. నా సైన్యం తగ్గించి, మిగిలినవాళ్ళను మూలకు పెట్టి చూశాను. అతను మర్యాదగా ఓడిపోయేవాడు. నేను వరుసగా గెలుస్తూ పోయాను. ఈ ఆటలో అంత దిగులుగా ఉండేది ఇంకొకటి లేదు. కొత్తవాళ్ళు దీనికి కూడా సిద్ధపడాలి, ఇది ఏ పుస్తకంలోనూ రాయరు.

చివరి ఆట వానలు పడ్డాక ఆడాం. మగ్గాలు ఆగాయి. అతను తన నీలం సైన్యాన్ని చక్కగా వరుసలో పెట్టాడు. మొదటి వంతు అతనిది. స్కేలు తీసి, ఒక్కొక్కణ్ణీ వెనక్కి తిప్పి, నియమం ఎంత ఒప్పుకుంటే అంతే కొలిచి, బల్ల అంచు వైపు జరిపాడు. దొంగాట ఏమీ లేదు. నా వంతు వచ్చేసరికి వాళ్ళందరి వీపులూ నాకు ఎదురుగా ఉన్నాయి. వెనకనుంచి కొడితే ఎక్కువమంది పోతారని నియమం. పాచిక నా చేతిలో ఉంది.

“ఏస్తవా?” అన్నాడు.

వేయలేదు. పాచికను బల్ల మీద పెట్టి, నువ్వే కానియ్యి అన్నాను. అతను మళ్ళీ కొలిచాడు. వాళ్ళు ఒక్కొక్కరే అంచు దాటి అతని అరచేతిలోకి దిగారు. తెల్లబట్ట మీద నా పసుపు సైన్యమొక్కటే మిగిలింది. ఎదురుగా ఎవరూ లేకపోయినా అందరూ గురిపెట్టే ఉన్నారు.

“నీయోళ్ళు పోరా?” అని అడిగాడు.

“గెలిచినోళ్ళు ఎందుకు పోతరురా?” అన్నాను.

అతనూ నవ్వాడు. జోకు బాగానే పేలిందనుకుంటూ జగిత్యాల దాకా వచ్చాను. ఆ తరువాత ఏ ఆదివారం చూసినా అతనికి ఏదో ఒక పని ఉండేది.