పక్క మంద గొర్రెలు

ఈ మధ్యాహ్నం లైబ్రరీ కిటికీ అద్దాలు మళ్లీ గజగజలాడాయి. శంషాబాద్‌లో దిగబోయే విమానాలు మా కాలేజీ నీళ్ల ట్యాంకును రాసుకుపోతాయేమో అన్నంత కిందుగా వెళ్తాయి. ఆ మోతకు ఎంతటివాడి మాటైనా మధ్యలో తెగాల్సిందే. నా కుడిచేతి చూపుడువేలు దానంతటదే పైకి లేచింది. ఎదురుగా కూర్చున్న కొత్త లెక్చరర్ అది బెదిరింపనుకున్నాడేమో, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. పాపం, అతనికి ఎల్లయ్య సార్ తెలియదు. ఆ వేలు నాదే అయినా అలవాటు ఆయనది.

గొర్ల ఎల్లయ్య సార్ సివిల్ విభాగంలో మట్టి గురించి పాఠం చెప్పేవారు. చెప్పింది మట్టే అయినా మట్టిబుర్రలకు కూడా ఎక్కేది. విమానం వస్తే వేలెత్తి ఆగేవారు. “నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బు...” అని ఆగితే, మోత పోయాక “...తది” అని అక్కడే అందుకునేవారు. నేను ఈ లైబ్రరీలో చేరిన కొత్తలో ఆ “తది” కోసమే క్లాసు బయట నిలబడేదాన్ని.

ఆ ఏడు మా మేనేజ్‌మెంట్‌కు లెక్కల జ్వరం పట్టుకుంది. ల్యాబ్ నడిపే ప్రొఫెసర్‌కు హెచ్ ఇండెక్స్ పది ఉండాలన్నారు. అంటే ఆయన రాసిన పరిశోధన పేపర్లలో పదింటిని, ఒక్కోదాన్ని కనీసం పదిసార్లు ఇతరులు తమ పేపర్లలో ఉటంకించి ఉండాలి. ఆ ఉటంకింపులనే సైటేషన్లంటారు. లేకపోతే సార్ ముప్పై ఏళ్లుగా నడుపుతున్న మట్టి ల్యాబ్ అడ్మిషన్ల గది అయిపోతుంది. లెక్క తీసే పని లైబ్రరీది. లైబ్రరీ అంటే నేనూ, నా తుమ్ములూ.

“హెచ్ ఇండెక్స్ అంటే ఏంది బిడ్డా? హెచ్చులు పోయేటోళ్ల లెక్కనా?” అన్నారు సార్. “మా ఊరోళ్లందరికి సైట్లున్నయి. నాకు సైటేషన్లన్న లేకపాయె.”

నవ్వాను కానీ ఆ నవ్వు మర్నాటికి లేదు. పేపర్ల లెక్కలుండే పోర్టల్ తెరిస్తే సార్ హెచ్ ఇండెక్స్ ఆరు. ముప్పై ఏళ్ల మట్టికి ఆరేమిటని తవ్వితే తెలిసింది, అక్కడ సార్ ఒక్కరు కాదు, ఐదుగురు. ఇంగ్లిష్‌లో ‘వై’ అక్షరంతో ఒక ఎల్లయ్య, ‘ఈ’ అక్షరంతో ఇంకొకరు, చివర రెండు వైలతో మరొకరు. మన దగ్గర ఇంటిపేరు ముందు, గడప దాటాకే మనిషి. పోర్టల్ మనిషిని ముందు పట్టుకుని ఇంటిని వెనక వెతుకుతుంది. అందుకే “గొర్ల” అసలు పేరై, ఎల్లయ్య ఒంటి అక్షరమై మిగిలినవారు ఇద్దరు. పైగా వీళ్లలో ఒకరి పేజీ తెరిస్తే, మరొకరి పేరు చూపించి, మీ పరిశోధనలు దగ్గరగా ఉన్నాయి, కలిసి పనిచేయండని సలహా.

“సార్, ఎన్ని తీర్ల రాసిన్రు మీ పేరు?”

“నేను ఒక్క తీరుగనే రాసిన. అచ్చేసినోళ్లు ఐదు తీర్ల ఏసిన్రు. గిట్లయితదని నాకేం ఎరుక?”

ఐదుగురు ఎల్లయ్యలను ఒక్కరిని చేయమని నేను రాసిన ఉత్తరాలకు లెక్కలేదు. ప్రతిసారీ ఒకటే జవాబు: మీ అభ్యర్థన మాకు విలువైనది. అంత విలువైనది గనకే దాచుకున్నట్టున్నారు.

పోర్టల్‌లో సహకారాల గడి ఇంకో తలనొప్పి. కలిసి పనిచేసినవారి సంస్థ పేరు తప్పనిసరి. సార్ పేపర్లలో ఎక్కువమంది ఉటంకించినదానికి సహరచయిత కందుకూరు ఊరి సత్తయ్య, బోర్లు వేసే మనిషి. ఎక్కడ ఎంత లోతులో ఏ మట్టి తగిలిందో ఇరవై ఏళ్లు గుర్తుపెట్టుకుని సార్‌కు చెప్పినవాడు. గడి ఖాళీగా వదిలితే పోర్టల్ ఎర్రబడింది.

“ఈయనకు సంస్థ లేదు సార్, తీసుకుంటలేదు.”

“సంస్థ లేకుంటే మనిషి లేడా? కందుకూరు అని రాయి. అంత పెద్ద సంస్థ ఇంకోటున్నదా?”

రాశాను. ఎలాగో తీసుకుంది.

గడువుకు ముందురోజు ఐదుగురూ కలిశారు. లెక్క పద్నాలుగు! కుర్చీలోంచి లేచేశాను. కానీ జాబితా జల్లెడ పడితే, అందులో ఆరో ఎల్లయ్య ఉన్నాడు. ఇంటిపేరు మొదటి అక్షరం కూడా అదే. ఆయన ఎక్కడో పశువైద్యుడు, గొర్రెలకొచ్చే నీలినాలుక రోగం మీద రాశాడు. ఆయన్ను తీసేస్తే సార్‌కు మిగిలేది తొమ్మిది. ఒక్కటి తక్కువ. నేను నోరు మూసుకుని కాగితం ప్రింటు తీశాను. తప్పు పోర్టల్ చేసింది, నేనెందుకు దిద్దాలి అని నాకు నేనే చెప్పుకున్నాను.

సార్ సంతకానికి ముందు జాబితా మొత్తం చదివారు. ఎవరూ చదవరు, ఆయన చదివారు.

“గిదేంది బిడ్డా? ఇంటిపేరు గొర్ల అయితే గొర్రెల రోగాలు నావైతయా?”

“పోర్టలే కలిపింది సార్. జర ఉండనియ్యండి. తీస్తే తొమ్మిదే. ల్యాబ్ పోతది.”

“పక్క మంద గొర్రెలు తప్పిపోయి మన దొడ్లకొస్తే...”

విమానం వచ్చింది. సార్ వేలెత్తారు. ఆ మోత ఉన్నంతసేపూ నేను ఆ వేలునే చూస్తూ నిలబడ్డాను. గోటి సందులో ఎర్రమట్టి. మోత తగ్గింది.

“...మనయని లెక్కబెట్టుకుంటమా? తొమ్మిదే రాయి.”

తొమ్మిదే రాశాను. నెల తిరక్కుండా ల్యాబ్ పోయింది. బంకమట్టి ఉబ్బిన చోట ఇప్పుడు సోఫాలు ఉబ్బి కూర్చున్నాయి. నాకు సార్ మీద కోపం వచ్చింది, నిజం చెప్తున్నాను. ఒక్క అంకె, ఎవరికీ తెలియని ఒక్క అంకె! ఆయన మాత్రం ల్యాబ్‌లో మట్టి జల్లించే ఇత్తడి జల్లెడలు తెచ్చి నా బీరువా మీద పెట్టి, “ఇగ ఇవి నీ దగ్గరుండనియ్యి. నీకూ పనికొస్తయి” అన్నారు. ఎగతాళో ఏమో, అడగలేకపోయాను. సార్ పోయి రెండేళ్లయింది. జల్లెడలు అక్కడే ఉన్నాయి.

ఈ కొత్త లెక్చరర్ జాబితాలోనూ ఇంకెవరివో నాలుగు పేపర్లు చేరాయి. “మేడం, నేను కలపలేదు కదా, పోర్టలే ఇచ్చింది. ఉండనివ్వండి” అంటున్నాడు. ఒకప్పటి నా మాటే, పొల్లు పోకుండా.

విమానం వెళ్లిపోయింది. వేలు దించాను.

“ఏ మందవో కనుక్కుని తోలి వద్దాం రండి” అన్నాను.