సగం సరుకు మన దగ్గరే

నా తెలివితేటల వల్ల ఒక మంచి ట్రాక్టరూ, దాని మీద బతికే ఒక మంచి మనిషీ ఎలా మూలపడ్డారో చెప్పబోతున్నాను. నవ్వొస్తే నవ్వేయండి, నా మొహం చూసి మొహమాటపడకండి. నేనూ నవ్వుతూనే మొదలుపెడతాను. చివరిదాకా నవ్వగలనో లేదో మాత్రం ఇప్పుడే చెప్పలేను.

మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి ఉక్కు పనికి వచ్చి జంషెడ్‌పూర్‌లో, భుయ్యాడీహ్‌లో స్థిరపడ్డాడు. అక్కని మాత్రం మళ్లీ టెక్కలి దగ్గర పల్లెకే ఇచ్చాడు. నేను మెట్రిక్ తప్పి, చదువుకి నా అవసరం లేదని గ్రహించి, లల్లన్ అనే బిహారీ స్నేహితుడితో కలిసి పర్సుడీహ్‌లో పాత ట్రాక్టరు పార్టుల దుకాణం పెట్టాను. ఎనభయ్యో దశకం మొదటి రోజులవి. మూలపడ్డ బండ్లు కొని, విప్పి, పనికొచ్చేవి అమ్మేవాళ్లం. టాటానగర్ స్టేషను పక్కనే కాబట్టి రైలు పార్సిల్‌లో ఎంత దూరమైనా పంపొచ్చు. విప్పడం లల్లన్ పని. మాట్లాడడం, గొప్పలు పోవడం నా పని. ఎవరి పని వాళ్లం శ్రద్ధగా చేసేవాళ్లం.

మొదట్లోనే సంబల్‌పూర్ అవతలి ఆసామి ఒకడు మాకు టోపీ పెట్టాడు. సరుకు అందగానే డబ్బు పంపుతానన్నాడు. సరుకు అందింది. డబ్బు ఈనాటికీ దారిలోనే ఉంది.

ఆ దెబ్బకి నాకు జ్ఞానోదయమైంది. "ఒరే లల్లన్, ఇకనుంచి సగం సరుకే ముందు పంపుదాం. సగం మన దగ్గరే ఉంచుకుందాం. సగంతో వాడేం చేసుకుంటాడు? డబ్బు పంపక ఎక్కడికి పోతాడు?" అని హిందీలో ఉపన్యాసమిచ్చాను.

లల్లన్ తల గోక్కున్నాడు. "దిమాగ్ తో హై తేరే పాస్," అన్నాడు.

నాకు బుర్ర ఉందని అన్నవాడు లోకంలో వాడొక్కడే. అందుకే ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. ఆ రోజునుంచి చక్రం హబ్ ముందు, దాని బేరింగులు తర్వాత. స్టార్టరు మోటారు ముందు, దాని మూత తర్వాత. డబ్బులు చకచకా వచ్చేవి. దూరపు గిరాకీల జుట్టంతా నా గుప్పిట్లో ఉన్నట్టు సాక్చీ బజారులో కాలర్ ఎత్తుకుని తిరిగేవాణ్ణి.

సరిగ్గా అప్పుడు మా బావ ఫోన్ చేశాడు. టెక్కలి పోస్టాఫీసు నుంచి ట్రంకాల్, మా పక్క మందుల షాపుకి. బావకి ఒక పాత ట్రాక్టరు ఉండేది. వానలు పడగానే ఊళ్లోవాళ్ల పొలాలకి దమ్ము చేసి, ఆ కూలితోనే అక్కనీ పిల్లల్నీ ఏడాదంతా పోషించేవాడు.

"ఒరే, మన బండి క్రౌనూ పినియనూ అరిగిపోనాయిరా," అని అరిచాడు. ట్రంకాల్ అంటే అరవాల్సిందే. "వానలు దగ్గరకొచ్చీసినాయి. మంచి జత ఉంటే తొరగా పంపీ."

క్రౌన్ అంటే బండి వెనక చక్రాల్ని తిప్పే పెద్ద పళ్ల చక్రం. దాన్ని తిప్పే చిన్నది పినియన్. కంపెనీలోనే రెండింటినీ ఒకదానితో ఒకటి అరగదీసి జత చేస్తారు. అందుకే రెండింటి మీదా ఒకే నంబరు చెక్కుతారు. ఈ సంగతి లల్లన్‌కి తెలుసు. నాకు తెలియదని ఎవరితోనూ అనకండి, ఎందుకంటే నాకూ తెలుసు. తెలిసిన తర్వాతే చేశాను, అదీ నా ప్రత్యేకత.

లల్లన్ ఒక జత తీసి మంచి పెట్టె చూస్తుంటే ఆపాను. "క్రౌన్ ఒక్కటే వెళ్తుంది."

"జీజా హై యార్. పూరా భేజ్ దే." బావ కదా, జత మొత్తం పంపెయ్యమని వాడి మాట.

"కాయదా అంటే కాయదానే. బావ కోసం వేరే రూలు ఉండదు."

వాడు నా వైపు అదోలా చూసి, చెల్లెలి పెళ్లికి బిహార్‌లో వాళ్ల ఊరు ఆరా వెళ్లిపోయాడు. నేను క్రౌన్ పంపి, డబ్బొస్తే పినియన్ వస్తుందని బావకి కబురు చేశాను. ఆయన వెంటనే తంతి మనియార్డరు కట్టాడు.

ఈలోగా దుకాణంలో నేనొక్కణ్ణే ఉన్నాను. గిరాకీ లేదు, చేతులు ఊరుకోవు. బావ పినియన్ని బల్ల మీద మిగతా పినియన్ల పక్కన పెట్టి, చూడముచ్చటగా ఉంటుందని వరుసగా అన్నిటికీ వెండిరంగు కొట్టాను. దట్టంగా కొట్టాను. నంబర్లన్నీ రంగు కిందికి పోయాయి. డబ్బు రాగానే అన్నిటికంటే అందంగా మెరుస్తున్నదాన్ని ఏరి, మా బావ కదా అని ప్రేమగా పాత చీరలో చుట్టి పంపాను. చూశారా, అంత ప్రేమ ఉండేది.

మళ్లీ ట్రంకాల్ వచ్చింది. "ఒరే, బండి కదిల్తే చాలు ఒకటే ఏడుపురా. పళ్లు కరుసుకుంటన్నాయి. మేస్త్రీ ఆపీమంటన్నాడు. ఏటి చెయ్యమంటావు?"

అరిగిన సరుకు కొన్నవాళ్లందరూ ఇలాగే సణుగుతారని నాకు గట్టి నమ్మకం. పైగా మందుల షాపులో నలుగురు వింటున్నారు. "దానికి కొత్త ఊరు కదా బావా, అలవాటు పడాలి. నడుపుతుంటే అదే సర్దుకుంటాది. ఆ మేస్త్రీకి ఏటి తెలుసు? నాను చెప్తన్నాను, నడిపీ."

"అంతేనంటావా?"

"అంతే."

"సర్లే. నువ్వు సెప్తే ఇంకేటి," అన్నాడు బావ.

ఆ మాట మీద నడిపాడు. బురద పొలం మధ్యలో పళ్లు విరిగాయి. విరిగిన ముక్కలు లోపలే తిరిగి, గేర్లుండే వెనక డబ్బాని పగలగొట్టాయి. ఊళ్లో ఒప్పుకున్న పొలాలన్నీ ఎదురుచూస్తుంటే బండి మోకాలి లోతు బురదలో నిలిచిపోయింది. ఎద్దులు పెట్టి దాన్ని బయటికి లాగారట. ఆ మాట అక్క తర్వాతెప్పుడో చెప్పింది. ఎద్దులు చేసే పని చేయడానికి కొన్న బండిని ఎద్దులే లాక్కొచ్చాయని మొదట నాకు నవ్వొచ్చింది, అక్క మొహం చూశాక ఆగిపోయింది.

బావ విరిగిన క్రౌనూ పినియనూ గోనెసంచిలో వేసుకుని, ఖరగ్‌పూర్‌లో రైలు మారి దుకాణానికి వచ్చాడు. తిట్టలేదు. సంచి దింపి, "ఏటయిందో సూడరా," అన్నాడంతే.

లల్లన్ కూడా తిరిగొచ్చాడు. ఇద్దరు గిరాకీలు బెంచీ మీద ఉన్నారు. మన దుకాణం పరువు నిలబెట్టే అవకాశం వచ్చిందనుకున్నాను. "బావా, మా సరుకులో మోసం ఉండదు. నీ మేస్త్రీ బిగించడం తప్పు. ఇదిగో చూడు, రెండింటి మీదా ఒకటే నంబరు ఉంటాది," అంటూ కిరసనాయిలు గుడ్డ తీసి, గారడీవాడిలా అందరికీ కనబడేటట్టు పినియన్ మీద రంగు తుడిచాను.

క్రౌన్ మీద ఒక నంబరుంది. పినియన్ మీద ఇంకోటి ఉంది.

ఇంకొంచెం తుడిస్తే మారుతుందేమోనని మళ్లీ తుడిచాను. మారలేదు. లల్లన్ బల్ల మీది పినియన్లు ఒక్కోటీ గీకుతూ వెళ్లి, ఒకటి తెచ్చి బావ ముందు పెట్టాడు. అసలుది అది. బావ దాన్ని చేతిలోకి తీసుకుని, విరగకుండా మిగిలిన క్రౌన్ పళ్ల మీద పెట్టి తిప్పి చూశాడు. చప్పుడు లేకుండా తిరిగింది.

"ఇదా," అన్నాడు. దుకాణం మధ్యలో భోరున ఏడ్చాను. ఎదురు ఆయనే నన్ను ఓదార్చాడు, అది ఇంకా సిగ్గు.

డబ్బా కొత్తది వేయించే స్థోమత ఆయనకీ లేదు, నాకూ లేదు. అప్పటికే దమ్ముల కాలం దాటిపోయింది. ఊళ్లోవాళ్లు ఇంకో బండి మాట్లాడుకున్నారు. చివరికి బావ బండి అమ్మకానికొచ్చింది. కొన్నదెవరో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఖాళీగా టాటానగర్ తిరిగొస్తున్న లారీ మీద ఎక్కించి తెప్పించాం. లోపల కూర్చోమని డ్రైవరు ఎంత చెప్పినా బావ వినలేదట, లారీ పైన తన ట్రాక్టరు సీట్లోనే కూర్చుని వచ్చాడు. ఊళ్లో ఇక బతుకుతెరువు లేక వెంట బయల్దేరిన అక్కా పిల్లలూ డ్రైవరు పక్కన ఉన్నారు.

దిగగానే అక్క నన్ను పక్కకి పిలిచింది. తిడుతుందని సిద్ధపడ్డాను. "మీ బావ మీద నీకు నమ్మకం నేదని ముందే సెప్పీసుంటే డబ్బు ముందే పంపించీసుందుము కదరా," అంది. "నువ్వు అడగనేదు. అడిగితే కాదంటామేటి?"

నేను వాళ్ల సామాను దింపడానికి వెళ్లాను.

ఆ బండిని విప్పడానికి నా చేతులు రాలేదు. లల్లన్ మొదలుపెడితే బావే పక్కన కూర్చుని, ఏ బోల్టు ఎటు తిప్పితే వదులుతుందో చెప్పాడు. ఆ తర్వాత మా దుకాణంలోనే పనికి కుదిరాడు. పిల్లలు భుయ్యాడీహ్ బడిలో చేరి, అమ్మ తెలుగులో పిలిస్తే హిందీలో పలకడం మొదలుపెట్టారు. బావ దూరపు గిరాకీల పెట్టెలు కట్టేవాడు. జత సరుకుని ఇనుపతీగతో కలిపి కట్టిగాని పెట్టెలో పెట్టేవాడు కాదు.

ఒకరోజు పర్లాకిమిడి నుంచి ఒక ఆసామి వచ్చాడు. బావ బండి ఇంజనుని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగా సూసుకున్న బండిలాగుంది. ఎవులిది?" అని అడిగాడు.

"నాదే బావూ," అన్నాడు బావ, తీగ బిగిస్తూ.

"ఇంత మంచిదాన్ని ఎందుకు విప్పీసినారు? ఏటి లోటు?"

"బండికి ఏ లోటూ నేదు. బావమరిదే జత కుదర్నేదు," అని బావ నన్ను చూసి నవ్వాడు. లల్లన్‌కి తెలుగు రాకపోయినా నవ్వాడు. నేనూ నవ్వాను, నవ్వి పెరట్లోకి వెళ్లాను.

అక్కడే, తుప్పు పట్టిన ఇనుమంతా సాక్షిగా, గ్రీజు చేతులు జోడించి ఒట్టు పెట్టుకున్నాను. మా బావకి ఇంకెప్పుడూ ఏ సరుకూ సగం పంపను. ఆ ఒట్టు ఈనాటివరకూ ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పడానికి ఆయనకి మళ్లీ బండి లేదు.