ముడత లేని మొగుడు

తెనాలి చెంచుపేటలో జనార్దనరావు మొహం గురించి చెప్పుకోని ఇల్లు లేదు. యాభై దాటినా నుదుటి మీద గీత లేదు, కంటి కింద నీడ లేదు. కాలవల ఆఫీసులో గుమాస్తాగా ఏదో చేశాడు గానీ, ఆయన అసలు ఉద్యోగం ఆ మొహమే. దానికి చాకిరీ చేసింది మాత్రం ఆయన భార్య ఆదిలక్ష్మి. ఆవిడ ఆయనకన్నా ఆరేళ్లు చిన్నది. ఈ సంగతి ముందే చెబుతున్నాను, తర్వాత చెబితే మీరు నమ్మరు.

1981లో, తన నలభై ఒకటో ఏట, జనార్దనరావు మంగలి షాపు అద్దంలో కంటి పక్కన ఒక గీత చూసుకున్నాడు. ఇంటికొచ్చి రెండు రోజులు మంచం దిగలేదు. మూడో రోజున ప్రకృతి వైద్యం పుస్తకాలు తెచ్చుకుని, నియమాలు రాసి గోడకు అంటించాడు.

నియమాలు ఆయనవి, నడుము ఆవిడది. తెల్లారకముందే వంటికి నువ్వుల నూనె పట్టించాలి. నలుగుపిండికి తిరగట్లో పెసలు విసరాలి. మిల్లు బియ్యం పనికిరావు గనక రోట్లో వడ్లు దంచాలి. కాయగూరల రసం ఆయన తాగితే, మిగిలిన పిప్పి పారేయడానికి మనసొప్పక ఆవిడ ఉప్పూ కారం కలుపుకుని తినేది. ఎండ చర్మానికి శత్రువని ఆయన గొడుగు లేకుండా గడప దాటేవాడు కాదు. ఇంట్లో ఉన్నది ఒకటే గొడుగు. ఆయన మధ్యాహ్నం భోజనానికి తాజా ఆకుకూర కావాలని మాడు పగిలే ఎండలో మార్కెట్టుకు పోయే మనిషికి చీర కొంగే దిక్కు. కాఫీతో చర్మం పాడవుతుందట, అందుకని ఇంట్లో కాఫీ కూడా మానిపించాడు. కాఫీ అంటే ఆదిలక్ష్మికి ప్రాణం.

వీటన్నిటికన్నా గొప్ప నియమం కోపం తెచ్చుకోకపోవడం. కోపం వస్తే మొహాన ముడతలు పడతాయట. ఇంటివాళ్లు అద్దె పెంచినా, పాలవాడు నీళ్లు కలిపినా ఆయన చిరునవ్వు చెదిరేది కాదు. మరి ఆ పోట్లాటలు ఎవరు పోట్లాడాలి? పేటలో ఆయన శాంతమూర్తి అయ్యాడు, ఆవిడ గయ్యాళి అయింది. ఇదెక్కడి న్యాయమో!

వాళ్లకు పిల్లలు లేరు. ఆ దిగులు పెట్టుకుంటే కళ్ల కింద నలుపు వస్తుందని ఆయన ఎనిమిదింటికల్లా నిద్రపోయేవాడు. ఆయన వంతు దిగులు కూడా ఆవిడే పడింది. నలభై నిండేసరికి ఆదిలక్ష్మి జుట్టు ముగ్గుబుట్ట అయింది. ఊక పొయ్యి పొగకు కళ్లు పుసులు కట్టాయి. మొహం ఎండకు కమిలి గీతలు పడింది.

1986లో రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్లో ఆవిడ తమ్ముడు ఇల్లు కట్టుకుంటే గృహప్రవేశానికి ఇద్దరూ రేపల్లె పాసింజరెక్కారు. కిటికీ పక్కనున్న రైతు ఒకాయన లేచి, "బాబూ, మీ అమ్మగారిని ఇటు కూర్చోబెట్టండి, పెద్దావిడ నిలబడలేదు" అన్నాడు.

జనార్దనరావు కాదనలేదు. "థాంక్సండి" అని నవ్వాడు. రేపల్లె దాకా ఆ నవ్వు ఆయన మొహాన అలాగే ఉంది.

స్టేషన్లో దిగాక ఆదిలక్ష్మి అడిగింది. "ఏవండీ, నా పెళ్లామండి అని ఒక్క మాట అనొచ్చుగా?"

"తెలియనివాళ్లతో వాదనేంటి? అయినా చూశావా, నూనె పనిచేస్తోంది!"

"నాకింకేం వద్దండి. ఈసారి ఎవరన్నా అంటే మాత్రం చెప్పండి. అది చాలు."

"సరేలే" అన్నాడు.

ఆ సరేలేను నమ్ముకుని ఆవిడ ఇంకో అయిదేళ్లు రోకలి పట్టింది.

1991లో బాపట్లలో ప్రకాశరావు అనే రిటైరైన హెడ్మాస్టరు ఆరోగ్య మిత్రమండలి అని ఒకటి పెట్టి, జనార్దనరావును ఉపన్యాసానికి పిలిచాడు. ఆయన గంటసేపు మాట్లాడాడు. క్రమశిక్షణ అన్నాడు, స్వయంకృషి అన్నాడు. ముందు వరసలో కూర్చున్న ఆదిలక్ష్మి తన పేరు ఎప్పుడొస్తుందా అని చూసింది. రాలేదు.

చప్పట్లయ్యాక ప్రకాశరావు మైకు అందుకున్నాడు. "ఇలాంటి బిడ్డను కన్న తల్లి కూడా మన మధ్యే ఉన్నారు. అమ్మా, మీరు పైకి రావాలి!"

ఆదిలక్ష్మి మొగుడి వంక చూసింది. ఇప్పుడు చెబుతాడు అనుకుంది. ఆయన ఫ్యాను వంక చూస్తున్నాడు. ఎవరో రెక్క పట్టి వేదిక ఎక్కించారు, శాలువా కప్పారు. ఆవిడ మెడలో పుస్తెలు ఆయన కట్టినవేనని ఆ హాల్లో తెలిసింది ఇద్దరికే.

"తల్లి పాదాలకు నమస్కారం చేయండి సార్, ఫొటో తీస్తారు" అన్నాడు ప్రకాశరావు.

జనార్దనరావు ఒక్క క్షణం ఆగాడు. ఆగి, వంగాడు. కట్టుకున్న మొగుడు అంతమంది ముందు ఆవిడ కాళ్లు ముట్టుకున్నాడు. బిడ్డ కోసం మొక్కని దేవుడు లేని మనిషి అది. చెయ్యి ఆయన నల్లటి జుట్టు మీద పెట్టి, "చల్లగా ఉండు నాయనా" అంది.

మర్నాడు తెల్లవారుజామున ఆయన పిలిచాడు. "ఆదీ, నూనె?"

"పెద్దదాన్ని, నాకు ఓపిక లేదు. నువ్వే రాసుకో నాయనా."

"ఏంటా పిలుపు?"

"బాపట్లలో నువ్వొప్పుకున్నదే."

ఆయన నవ్వాడు, వేళాకోళమనుకున్నాడు. ఆవిడ మిల్లు బియ్యం వండింది. వేడి అన్నం ముందు తను తింది. కాఫీపొడి తెచ్చుకుంది. పడక వసారాలోకి మార్చుకుంది. నాయనా అన్న పిలుపు ఇంట్లోనూ, వీధిలోనూ, పాలవాడి ముందూ మానలేదు. పదేళ్లుగా రాని కోపం జనార్దనరావుకు ఆ నెలలోనే వచ్చింది. ఏడు నెలలకు నుదుట గీతలు దిగాయి, బుగ్గలు జారాయి. కోపం పనిచేయక బతిమాలాడు. "ఈసారి నిజం చెప్పేస్తాను, మళ్లీ మొదలుపెట్టు" అన్నాడు.

మరుసటి ఏడు సభకు పిలవడానికి ప్రకాశరావు తెనాలి వచ్చాడు. జనార్దనరావు మొహం చూసి గతుక్కుమన్నాడు. ఆదిలక్ష్మి మంచినీళ్లు తెచ్చి, "ఏమ్మా, బావున్నారా?" అన్న మేష్టారి పలకరింపుకు తలూపింది.

జనార్దనరావు గొంతు సవరించుకున్నాడు. "మేష్టారూ, అప్పుడొక పొరపాటు జరిగిందండి. ఈవిడ మా అమ్మ కాదు. నా భార్య."

ఆ మాట కోసం ఆవిడ ఏళ్ల తరబడి చెవులు అప్పగించి బతికింది. తీరా వచ్చాక చూస్తే, అంటున్న మనిషి కళ్లు తన మీద లేవు, వంటింట్లో నూనె సీసా మీద ఉన్నాయి.

"వాడి మాటలకేం లెండి మేష్టారూ" అంది ఆదిలక్ష్మి. "లేకలేక కలిగిన కొడుకు. గారాబం నేనే ఎక్కువ చేశాను."

లోపలికి వెళ్లి, పొయ్యి పక్కన పెట్టుకున్న కాఫీ చల్లారకముందే తాగింది.